క్వొటేషన్‌లో 12 జీబీ, బాక్సులో 8 జీబీ: గేమింగ్ పీసీ మీద కేసు నిలబడుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది చిత్తూరు. మావాడు బీటెక్ చదువుతున్నాడు, గేమ్స్ ఆడతాడు, పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసి కొంచెం సంపాదించుకుంటాడు కూడా. మూడు నెలల కిందట తిరుపతిలో ఒక షాపులో 92,000 కట్టి కంప్యూటర్ తీసిచ్చినాను. షాపాయన వాట్సాప్‌లో క్వొటేషన్ పెట్టినాడు: ఇంటెల్ ఐ5 12400, ఆర్‌టీఎక్స్ 3060 12జీబీ కార్డు, 16జీబీ ర్యామ్, 650 వాట్స్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్, 27 అంగుళాల 1440పీ 165 హెర్ట్జ్ మానిటర్. నాకు ఇవేం తెలీవు, ఈ మానిటర్‌లో గేములు బాగా ఆడాల, దానికి తగ్గట్టు మీరే చూసి పెట్టండి అని వాయిస్ మెసేజ్ పెట్టినా. ఇప్పుడు గేమ్ ఆగి ఆగి వస్తోంది. మావాడి ఫ్రెండు చూసి ఇది 8జీబీ కార్డు, ఎస్ఎంపీఎస్ కూడా లోకల్‌ది అన్నాడు. మానిటర్ 60 హెర్ట్జ్ దాటడం లేదు, రెండు చుక్కలు నల్లగా ఉన్నాయి. షాపుకి పోతే 3060 అన్నాం 3060నే ఇచ్చినాం, అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం అంటున్నారు. బిల్లులో 'గేమింగ్ కంప్యూటర్ సెట్ 1' అని మాత్రమే ఉంది. 420 కేసు పెట్టొచ్చా?

జవాబు: సార్, మీరు అన్నీ కలిపి ఒకే కంప్లైంటుగా రాసినారు గానీ ఇందులో నాలుగైదు వేరు వేరు విషయాలు ఉన్నాయి, ఒక్కోదానికి చట్టంలో బలం ఒక్కో రకంగా ఉంటుంది, వాటిని విడదీసుకోకుండా వినియోగదారుల కమిషన్‌కి పోతే అవతలి లాయరు మీ బలహీనమైన పాయింటు పట్టుకుని బలమైనదాన్ని కూడా పల్చన చేసేస్తాడు. అందుకని ఒక్కోటీ చూద్దాం.

ముందు కార్డు సంగతి, అంటే స్క్రీన్ మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు, మీ కేసుకి ప్రాణం ఇదే. షాపాయన చెప్పేదాంట్లో సగం నిజముంది, 3060 అనే పేరుతోనే రెండు రకాల కార్డులు ఉన్నాయి. 12జీబీ దానికి మెమరీ బస్, అంటే కార్డు లోపల డేటా పోయే దారి, 192 బిట్, తర్వాత వచ్చిన 8జీబీ దానికి 128 బిట్ మాత్రమే. కార్డు మీద పేరు అదే, లోపల ఆ దారి మూడో వంతు తగ్గిపోయింది, గేముల్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది, అందులోనూ 1440పీ మానిటర్ మీద ఇంకా ఎక్కువ. ఎందుకంటే మామూలు 1080పీ స్క్రీన్‌లో 20 లక్షల పైచిలుకు పిక్సెల్స్, అంటే బొమ్మలోని చుక్కలు, ఉంటే 1440పీలో దాదాపు 37 లక్షలు, అన్నిటికీ కార్డే రంగు వెయ్యాల.

క్వొటేషన్‌లో 12జీబీ అని స్పష్టంగా రాసినాడు కాబట్టి ఇక్కడ షాపాయనకి తప్పించుకునే దారి లేదు. సరుకుల విక్రయ చట్టం 1930, సెక్షన్ 15 ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకి సరిపోవాల. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(10) అయితే ఇంకో అడుగు ముందుకి పోయి, వ్యాపారి ఏ నాణ్యత ఉందని చెప్పుకున్నాడో అది లేకపోయినా లోపమే అంటుంది. సెక్షన్ 2(47) ప్రకారం, లేని నాణ్యత ఉన్నట్టు నోటితో చెప్పినా, రాసినా, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. అంటే మీ వాట్సాప్ క్వొటేషన్ కూడా లెక్కలోకి వస్తుంది, స్టాంపు పేపర్ అక్కర్లేదు. షాపాయన తెలిసే ఇచ్చినాడా, పైనుంచి డిస్ట్రిబ్యూటర్ మార్చి పంపినాడా అన్నది వినియోగదారుల కమిషన్‌లో మీరు రుజువు చెయ్యాల్సిన పని లేదు, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి అని చూపిస్తే చాలు.

ఎస్ఎంపీఎస్, అంటే లోపలి పార్టులకి కరెంటు ఇచ్చే సప్లై డబ్బా, అది కూడా ఇదే లెక్క, 650 వాట్స్ బ్రాంజ్ అని రాసి వేరేది పెడితే అదీ వర్ణనకి తేడానే, పైగా దీంట్లో ప్రమాదం కూడా ఉంది. ఒక పని చెయ్యండి, కరెంటు ప్లగ్గు తీసేసి క్యాబినెట్ పక్క డోరు తెరిచి ఆ ఎస్ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్ చూడండి, +12వి అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదివి దాన్ని 12తో గుణించండి. మంచి 650 వాట్స్ దాంట్లో ఆ లెక్క 600కి అటు ఇటు వస్తుంది. అక్కడ 20 ఆంపియర్లు అని ఉంటే 240 వాట్స్ మాత్రమే అన్నమాట, పైన ఎంత పెద్ద అక్షరాలతో 500, 600 అని రాసినా లాభం లేదు. 3060 కార్డు ఒక్కటే 170 వాట్స్ లాగుతుంది, ఆ కార్డుకి 550 వాట్స్ సప్లై పెట్టమని 3060 కంపెనీ ఎన్విడియానే చెప్తుంది. ఆ లేబుల్ ఫొటో మీకు మంచి సాక్ష్యం. లేబుల్ మీద లెక్క అట్లా తక్కువ వస్తే అది మార్చేదాకా బరువైన గేములు ఆడొద్దని మీవాడికి గట్టిగా చెప్పండి, నాసిరకం సప్లై పోతే ఊరికే పోదు, బోర్డునీ కార్డునీ పట్టుకుపోతుంది. అప్పుడు ఉత్పత్తి బాధ్యత కింద, అంటే అదే చట్టం ఆరో అధ్యాయం కింద నష్టం అడగొచ్చు గానీ అంతదాకా తెచ్చుకోవడం ఎందుకు.

ఇప్పుడు మానిటర్. ఇక్కడ తొందరపడకండి సార్. హెర్ట్జ్ అంటే స్క్రీన్ మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క, అది 60 దాటడం లేదంటే మానిటర్ మంచిది కాదని అర్థం కాదు. ఐ5 12400లో ప్రాసెసర్‌కే చిన్న గ్రాఫిక్స్ ఉంటుంది, అందుకే కేబుల్ తెచ్చి మదర్‌బోర్డు పోర్టులో పెట్టినా బొమ్మ వచ్చేస్తుంది, మనం కార్డు పని చేస్తోందనుకుంటాం. వెనక వైపు చూడండి, పైన నిలువుగా ఉండే పోర్టులు బోర్డువి, కింద అడ్డంగా ఉండేవి కార్డువి. కేబుల్ కింద ఉండాల, వీలైతే డిస్‌ప్లే పోర్ట్ కేబుల్ వాడండి, పాత రకం హెచ్‌డీఎంఐలో 1440పీ అయితే 165 రాదు. అది సరిచేసినాక విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి పోయి అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 165 ఎంచుకోవాల, దానంతట అది చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది. గేమ్ ఆగి ఆగి రావడానికి కూడా ఈ కేబులే సగం కారణం అయ్యుండొచ్చు. ఇది ఎందుకు ఇంత చెప్తున్నానంటే, రేపు కమిషన్ ఎక్స్‌పర్ట్‌ని పంపితే ఆయన వచ్చి కేబుల్ తప్పు పోర్టులో ఉందని రిపోర్టులో రాసినాడంటే నిజంగా మోసం జరిగిన 8జీబీ కార్డు సంగతి కూడా మీ అవగాహన లోపం లాగే కనిపిస్తుంది. ఇవన్నీ చేసినా 165 రాకపోతే అప్పుడు అది లోపమే, దాన్ని కూడా కలపండి.

రెండు నల్ల చుక్కలకి షాపు మీద కేసు గట్టిగా నిలబడదు. ఇన్ని పిక్సెల్స్ దాకా పోతే లోపం కాదని చాలా కంపెనీలు వారంటీ కాగితంలోనే రాసుకుంటాయి, మీ మానిటర్ వారంటీ కార్డు తీసి ఆ సంఖ్య ఎంతో చూడండి, దాటితే కంపెనీకి సీరియల్ నంబరుతో కంప్లైంట్ పెట్టండి. దాటకపోతే దీన్ని పిటిషన్‌లో రాయకపోవడమే మేలు.

ఇక అసలు చాలామంది అడిగేది, ఈ సెట్టుకి బ్యాలెన్సే లేదు, ఈ మానిటర్‌కి ఈ కార్డు చాలదు, ర్యామ్ 16జీబీ ఒకే స్టిక్ పెట్టినారు, దీనికి కేసు వెయ్యొచ్చా అని. ఒట్టిగా జోడీ కుదరలేదంటే చట్టం పట్టించుకోదు. ర్యామ్ 8జీబీవి రెండు పెట్టి ఉంటే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో, బాగా నడిచేది, అది నిజమే, కానీ క్వొటేషన్‌లో 16జీబీ అని మాత్రమే ఉంది, 16 ఇచ్చినాడు, అక్కడితో ఆయన మాట చెల్లింది. అయితే సెక్షన్ 16 అని ఒకటుంది సరుకుల విక్రయ చట్టంలో. కొనేవాడు ఫలానా పనికి కావాలని ముందే చెప్పి, అమ్మేవాడి అనుభవం మీద నమ్మకం పెట్టి, ఎంపిక ఆయనకే వదిలేస్తే, ఇచ్చిన సరుకు ఆ పనికి తగినట్టు ఉండాలన్నది అమ్మకంలో దాగున్న షరతు. అదే మీరే ఫలానా కంపెనీ ఫలానా మోడల్ కావాలని పేరు పెట్టి తీసుకుంటే ఈ రక్షణ ఉండదు. చూసినారా, మీరు నాకేం తెలీదు అని పెట్టిన ఆ వాయిస్ మెసేజే మీకు ఎంత పనికొస్తోందో! ఆ మానిటర్ మీద ఆడాలి, మీరే చూసి పెట్టండి అన్నారు, పని చెప్పినారు, నమ్మకం పెట్టినారు. దాన్ని పొరపాటున కూడా డిలీట్ చెయ్యొద్దు, ఫోను మార్చొద్దు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ప్రింటు దాఖలు చేసేటప్పుడు దానితో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా పెట్టించండి.

దీనికి తోడు కార్డు రుజువు ఇట్లా తీసుకోండి. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కి జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, మీదకి పోతే డెడికేటెడ్ మెమరీ 8 అని చూపిస్తుంది, జీపీయూ-జడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో బస్ విడ్త్ 128 బిట్ అని కనిపిస్తుంది. ఆ స్క్రీన్ నుంచి మొదలుపెట్టి కట్ లేకుండా కార్డు మీది సీరియల్ స్టిక్కర్ దాకా, డబ్బా ఇచ్చుంటే దాని మీది నంబరు దాకా ఒకే వీడియో తియ్యండి. ఇంకో టెక్నీషియన్‌తో లెటర్‌హెడ్ మీద రాయించుకుంటే ఇంకా మంచిది.

బిల్లులో ఒకే లైను ఉండటం మీకు ఇబ్బందే గానీ కేసుని చంపేసేంత కాదు, క్వొటేషన్ మొత్తమూ బిల్లు మొత్తమూ ఒకటే అయితే రెండూ ఒకే బేరం అని తెలిసిపోతుంది. మీరు యూపీఐలో కట్టుంటే ఆ స్టేట్‌మెంట్ కూడా పెట్టండి. మీ దగ్గర ఆ ఒక్క లైను బిల్లైనా ఉంది. మన జిల్లా పిల్లోళ్ళు చాలామంది చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి పోయి 18 శాతం జీఎస్టీ మిగుల్తుందని బిల్లు లేకుండా కార్డులు తెచ్చుకుని మూణ్ణెల్లకి నా దగ్గరికి వస్తారు, వాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, చేతిలో ఏ కాగితమూ లేకుండా నేను ఏం పట్టుకుని వాదించేది? కొనేటప్పుడే ప్రతి పార్టుకీ కంపెనీ, పూర్తి మోడల్, మెమరీ, సీరియల్ నంబరు విడివిడిగా బిల్లులో రాయించుకోవాల, సెట్ 1 అని రాస్తే తీసుకోవద్దు.

అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం అన్న మాటకి విలువ లేదు. లోపమున్న సరుకు బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా సెక్షన్ 2(47) కింద అక్రమ పద్ధతే. మీరు షాపుకి ఎప్పుడెప్పుడు పోయినారో, ఏమన్నారో తేదీలతో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

420 సంగతి. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 318, 2024 జులై 1 నుంచి. దానికి అమ్మేరోజే మోసం చేసే ఉద్దేశం ఉందని తేలాల, నాకే డిస్ట్రిబ్యూటర్ తప్పు పంపినాడు అని షాపాయన అంటే స్టేషన్‌లో ఇది సివిల్ విషయం అని పంపించేస్తారు, మీకు నెలలు పోతాయి. ఆయన ఇట్లాగే పదిమందికి చేసినట్టు తెలిస్తే అప్పుడు ఆలోచిద్దాం.

ఎడిటింగ్ చేసి సంపాదిస్తున్నాడు కదా, వాణిజ్య అవసరం అంటారేమో అని భయపడకండి, తన పొట్టకూటికి సొంతంగా చేసుకునే పనికి వాడితే వినియోగదారుడే అని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. బిల్లు మీ పేరున ఉండి వాడేది మీవాడైనా ఇబ్బంది లేదు.

ముందు లీగల్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, 15 రోజులు టైమిచ్చి క్వొటేషన్ ప్రకారం కార్డు, ఎస్ఎంపీఎస్ మార్చమని, లేకపోతే మొత్తం తీసుకుని డబ్బు ఇమ్మని. నోటీసు తప్పనిసరేం కాదు, కానీ సగం షాపులు అక్కడే దిగొస్తాయి. ఈలోపు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు తీసుకోండి. దిగిరాకపోతే కమిషన్. దీనికి తిరుపతి చుట్టూ తిరగాల్సిన పని లేదు, కొన్నవాళ్ళు ఉండే చోటే వెయ్యొచ్చని సెక్షన్ 34 చెప్తుంది, చిత్తూరు జిల్లా కమిషన్‌లోనే వెయ్యండి, ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. నోటీసు అందినాక అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వెయ్యాల, ఆ 45 దాటితే ఒప్పుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పేసింది. పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని చట్టం, ఆచరణలో ఇంకొంచెం పడుతుంది. పరిహారం అడిగేటప్పుడు మానసిక వేదనకి 10 లక్షలు అని రాయకండి, పార్టుల మార్పిడి లేదా 92,000, దానిమీద వడ్డీ, ఖర్చులు, న్యాయంగా అనిపించే కొంచెం పరిహారం, అంతే అడగండి, అడిగింది సబబుగా ఉంటే ఇచ్చేవాళ్ళకీ చెయ్యి వస్తుంది.

గడువు రెండేళ్ళు ఉంది గానీ ఆగొద్దు, నోటీసు ఈ వారమే పంపండి. వీడియో తీసేదాకా షాపువాళ్ళకి క్యాబినెట్ ఇవ్వకండి, రిపేరుకి అని తీసుకుని కార్డు మార్చి ఇదేగా మీకిచ్చింది అంటే మళ్ళీ మొదటికొస్తుంది. ఇవ్వాల్సి వస్తే సీరియల్ నంబర్లు రాసిన రసీదు మీద వాళ్ళ సంతకం తీసుకుని ఇవ్వండి.