పొదుగుకొచ్చిన పెట్ట లేస్తలేదు, ఏం చేయాలె?

ప్రశ్న: మా ఇంటెనక ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నయండి. ఒక పెట్ట గంపల కూసొని లేస్తలేదు, దగ్గరికి పోతే ఈకలు లేపి పొడుస్తుంది, మేత సరిగ తింటలేదు. రోగమా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: రోగం కాదమ్మా, పొదుగుకొచ్చింది, అంటే గుడ్ల మీద కూసొని పిల్లలు చేయాలని చూస్తుంది. పుంజు ఉంది కాబట్టి పిల్లలు చేయించుకోవచ్చు. వారం లోపటి గుడ్లు 10, 12 చాలు, కడగొద్దు, అన్నీ ఒక్కటే రోజు చీకటి పడ్డంక పెట్టండి. బొగ్గుతోటి గీత గీసుకోండి, ఎందుకంటే మిగతా పెట్టలు కూడ అదే గంపల గుడ్లు పెడ్తయి, గీత లేనివి రోజూ తీసెయ్యకపోతే కొన్ని ముందు పిల్లలై తల్లి వాటెంబడి లేచిపోతది, ఎనకవి ఖరాబైతయి. వారమైనంక రాత్రిపూట గుడ్డును సెల్‌ఫోన్ లైటు మీద పెట్టి చూడండి, లోపల పిల్ల తయారైతుంటే ఎర్ర నరాలు కనవడాలె.

గుడ్లకంటే కోడినే ఎక్కువ చూసుకోవాలె, నేనైతే ఇదే గట్టిగ చెప్తా. రోజుకొకసారి 15, 20 నిమిషాలు లేచి తిని రెట్టేసి వస్తది, లేవకుంటే మీరే మెల్లగ ఎత్తి జొన్నలు, నీళ్ళ దగ్గర దించండి. పక్కన పొడి మన్నుల పొయ్యి బూడిద కలిపి పెడితే పొర్లుకుంటది, గోమార్లు (ఒంటి మీది పురుగులు) తగ్గుతయి, అవి ఎక్కువైతే కోడి నీరసపడి గుడ్లు వదిలేస్తది. మన నల్లగొండ ఎండలకు గంప రేకుల కింద అస్సలు పెట్టొద్దు.

21 రోజులకు పిల్లలైతయి. పిల్లలు పుట్టిన వారం లోపట కొక్కెర రోగం రాకుండ లసోటా టీకా చుక్కలు పశువుల దవాఖానాల అడిగి వేయించండి.

పిల్లలు వద్దనుకుంటే గుడ్లు తీసేసి, కింద గాలాడే జాలి పంజరంల మూడు నాలుగు రోజులు మేత నీళ్ళు పెట్టి ఉంచండి, పొదుగు దిగిపోతది. ముక్కుల ఈక గుచ్చుడు, నీళ్ళల్ల ముంచుడు మాత్రం చేయకండి, పాపం దానికి నొప్పి.