పైపు కాదు తమ్ముడూ, ప్లేటు చూడు

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. 2004 మోడల్ ఎస్టీమ్ ఉంది, సరదాకు ఆటోక్రాస్ కార్ల పోటీలు ఆడుతుంటాను. బానెట్ కింద రెండు స్ట్రట్ టవర్లను, అంటే ముందు షాక్ అబ్జార్బర్ల పైకొసలు బిగించే రేకు గూళ్లను, కలిపే బార్ ఉంటుంది కదా, పోయిన నెల మట్టి ట్రాక్ మీద ఆడి ఇంటికొచ్చి చూస్తే కుడివైపు టవర్‌కు బిగించే ప్లేటు దగ్గర, వెల్డింగ్ పక్కనే పగిలి ఉంది. పైపుకు ఏమీ కాలేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో మెరిసిపోయే అల్యూమినియం బార్ ఒకటి చూశాను, బెంగళూరు జేసీ రోడ్డులో పాత ఇనుప బార్ ఒకటి ఉందని ఫ్రెండ్ చెప్పాడు, మా వీధి చివర వెల్డింగ్ షాపాయన నేనే చేసిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటావన్నా?

జవాబు: తమ్ముడూ, పాత బార్ పాత సామాన్లవాడికి వేసేయలేదు కదా? వేయకపోతే తెచ్చి ముందర పెట్టుకో. పైపు బాగుంది, ప్లేటు దగ్గర పగిలింది అని నువ్వే రాశావు, నీకు కావలసిన జవాబు సగం అక్కడే ఉంది. మలుపు తిరిగేటప్పుడు బరువంతా బయటి చక్రం మీద పడి టవర్లు రెండూ దగ్గరికో దూరానికో జరగాలని చూస్తాయి, వాటిని జరగనివ్వకుండా పట్టుకోవడమే బార్ పని. అంటే దాని మీద పడేది ముఖ్యంగా లాగుడూ నెట్టుడూ. వీటికి తిన్నటి పైపు అంత సులువుగా లొంగదు. లొంగేది కొసల్లో ఉన్న ప్లేటు. పైపును ప్లేటుకు రెండంగుళాల ఎత్తున కూర్చోబెట్టారనుకో, ప్రతి మలుపులోనూ ఆ ప్లేటు ఇంత వంగి మళ్లీ లేస్తుంది. రేకు ముక్కను అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగిపోతుంది చూడు, అలాగే వెల్డింగ్ వేడి తగిలిన అంచు దగ్గర తెగుతుంది. కాబట్టి అదే తీరులో ఉన్న బార్ ఇంకోటి కొంటే ఇంకో సీజన్‌కు ఇంకో ఉత్తరం రాస్తావు.

కొనే ముందు టవర్లు చూడు. ఈ మాట అందరూ దాటేస్తారు, అందుకే గట్టిగా చెప్తున్నా. బార్ విప్పేసి, కిరసనాయిల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో టవర్ చుట్టూ రుద్ది, టార్చ్ పక్క నుంచి వేసి చూడాలి, పైనుంచి వేస్తే ఏమీ కనబడదు. స్పాట్ వెల్డింగ్ చుక్కల చుట్టూ పెయింట్ వెంట్రుకలా చీలి, ఆ గీతలో తుప్పు రంగు కనిపిస్తే అది పగులే. టవర్ పైభాగం పూరీలా కాస్త పైకి ఉబ్బిందేమో ఇనుప స్కేలు పెట్టి చూడు, గుంతల్లో షాక్ అబ్జార్బర్ అడుగంటిన బండ్లకు ఇది మామూలే. అలా ఉంటే ముందు టింకరింగ్, తర్వాతే బార్. పగిలిన టవర్ మీద కొత్త బార్ బిగించడం అంటే పుండు మీద కట్టు కట్టి లోపల ఏముందో చూడకపోవడమే.

ఇక అల్యూమినియం సంగతి. ఉక్కుకు సాగనివ్వని గుణం 200 గిగాపాస్కల్స్ దగ్గర, అల్యూమినియంకు 70 దగ్గర. బరువులోనూ అల్యూమినియం ఉక్కులో మూడో వంతే. అంటే లాగుడు నెట్టుడు మాత్రమే చూస్తే, బరువు ఎంత తగ్గించుకున్నావో బిగువూ దాదాపు అంతే పోగొట్టుకుంటావు, లాభమేమీ మిగలదు. లావుపాటి అల్యూమినియం పైపు వంగడాన్ని బాగా తట్టుకుంటుంది, నిజమే, కానీ తిన్నటి బార్‌కు ఆ పని పెద్దగా పడదు. 25 మిల్లీమీటర్ల లావు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు పైపు మీటరు పొడవుకు కిలో పైన నూటో నూటయాభై గ్రాములో తూగుతుంది. ఆ మాత్రం బరువు కోసం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

జేసీ రోడ్డు పాత బార్ అయితే నేను తెప్పించుకోను. ఏ బండి నుంచి తీశారో, ఆ బండి ఏ గోడకు గుద్దుకుందో ఎవరికి తెలుసు. తప్పదంటే మా కడప వాళ్లం చేసే పని చెయ్యి, పాలిష్ పట్టిన బండ మీద పైపును దొర్లించు, కింద సందులో వెలుతురు అక్కడక్కడా కనిపించి మాయమవుతుంటే అది వంగిన పైపు.

నా ఓటు మీ వీధి షాపుకే, కాకపోతే కొలతలు నువ్వివ్వాలి. పైపు సీడీఎస్ అని అడుగు, అతుకు లేనిది. మంచం కాళ్లకు వాడే పైపు వద్దు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడ్డు రాకపోతే తిన్నగానే ఉండాలి. సైకిల్ చక్రం పుల్లను తిన్నగా ఉన్నప్పుడు రెండు కొసలా లాగు, కదలదు, మధ్యలో వంచి లాగు, తెరుచుకుంటుంది. వంపు ఉన్న బార్ కథ ఇంతే. ప్లేటు 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా, అంచు ఒక వేలు మడిచి, పైపు కిందకు త్రికోణపు ముక్క ఒకటి రెండు వైపులా ఇప్పించు. పైపు ప్లేటుకు ఎంత దగ్గరగా కూర్చుంటే అంత మంచిది. ఆర్గాన్ వెల్డింగ్ ఉంటే సరే సరి. కొసల్లో పిన్ను మీద తిరిగే కీలు పెట్టించకు, అరిగి లూజు వచ్చిందంటే బార్ ఉన్నా లేనట్టే. షాపాయన దగ్గర అన్నీ బండి మీదే టాకులు, అంటే కదలకుండా చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు, వేయించి, విప్పి, బయట పూర్తి వెల్డింగ్ చేయించు. టాకులు వేసేటప్పుడు బ్యాటరీ తీగలు తీసేయండి.

బిగించేటప్పుడు బండి నాలుగు చక్రాల మీద, సమంగా ఉన్న నేల మీద ఉండాలి. జాకీ మీద ఉన్నప్పుడు టవర్ల మధ్య దూరం మారుతుంది, అప్పుడు కూర్చున్న బార్ కిందికి దించాక బిగుసుకుంటుంది. రంధ్రాల్లోకి చేత్తో దిగాలి, సుత్తితో దిగిందంటే కొలత తప్పు. ప్లేటు మందం టవర్ నుంచి పైకి వచ్చే స్టడ్డు (బోల్టు) మరను కొంత తినేస్తుంది కాబట్టి నట్టు బిగిశాక రెండు మరలైనా బయటకు కనిపించాలి. విడిగా వేసే బోల్టుల తల మీద 8.8 అని బలం గుర్తు ఉందో లేదో చూడు. ఆఖరుకు చపాతీ పిండి నాలుగు ముద్దలు బార్ మీద అతికించి బానెట్ మెల్లగా మూసి తెరువు, అప్పడంలా అయిపోయిన చోట ఖాళీ లేదన్నమాట. పైగా ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది, దానికీ చోటుంచు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు రబ్బరు టోపీ లేకుండా మాత్రం బండి తీయకు. నా పాత బార్ ఒకసారి దాన్ని తాకింది, ఆ మెరుపూ ఆ వాసనా ఇంకా గుర్తున్నాయి.

ఆశ కూడా మితంగా పెట్టుకో. స్టీరింగ్ తిప్పగానే ముక్కు కాస్త త్వరగా తిరిగినట్టు ఉంటుంది, అంతే. చక్రాన్ని పట్టుకునే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు పోయి, టైర్లు గట్టిపడిన బండికి బార్ ఏం చేస్తుంది? ఇంకో సంగతి, ఒకవైపు గట్టిగా తగిలితే బార్ ఆ దెబ్బను రెండో టవర్‌కు కూడా మోసుకెళ్తుంది. ఏ క్లాసులో ఆడుతున్నావో ఆ ఏడాది ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ (మన దేశంలో మోటార్ పోటీలను చూసే సంస్థ) నియమాల్లో దానికి బార్ అనుమతి ఉందో లేదో చూసుకుని డబ్బు తియ్యి, పోటీకి ముందు బండిని తనిఖీ చేసే స్క్రూటినీలో విప్పించుకుంటే సిగ్గుచేటు.

ప్రశ్న: కర్నూలు నుంచి. స్విఫ్ట్‌కు వెనక కూడా బార్ వేయించాను. నాలుగు పాయింట్ల రేసింగ్ సీటు బెల్టు దానికే కట్టుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. ఆ బార్ టవర్ల మధ్య దూరం పట్టుకోవడానికి చేసింది, నీ ఒళ్లు ఒక్క కుదుపులో ముందుకు దూసుకొస్తే ఆపడానికి కాదు. రెండు పక్కలా ఉన్నవి పల్చటి రేకుకు పట్టిన బోల్టులు, మధ్యలో బెల్టు లాగితే పైపు విల్లులా వంగుతుంది. బెల్టు భుజం పట్టీలు సరైన రోల్ కేజ్‌లో, అంటే బండి లోపల బిగించే పైపుల పంజరంలో, అందుకోసమే వేసిన అడ్డ పైపుకు కట్టాలి. కేజ్ లేదంటే కంపెనీ ఇచ్చిన మామూలు మూడు పాయింట్ల బెల్టే పెట్టుకుని ఆడు.