ఆడిట్‌ని కింది నుంచి పైకి చదువు

చిన్నీ,

నిన్న రాత్రి నువ్వు పంపిన డిగ్రీ ఆడిట్ స్క్రీన్‌షాట్ చూశాను, అదే, డిగ్రీకి ఏవి అయ్యాయో ఏవి మిగిలాయో యూనివర్సిటీ చూపించే పేజీది. పైన ఆకుపచ్చ గీత, పక్కన 61 శాతం, దాని కింద "బాగానే ఉన్నట్టే కదా పెద్దమ్మా?" అని నీ మెసేజ్. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేసే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఎనిమిదో తరగతి దాకా హైదరాబాదులో చదివావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా. ఒక్కసారే చదివేయక్కర్లేదు, ఆడిట్ ఎదురుగా తెరిచి పెట్టుకుని కాస్త కాస్త చదువు.

మీ అమ్మ నా చదువు సంగతి నీకు పూర్తిగా చెప్పి ఉండదు. డాలస్ వచ్చి పిల్లలు బళ్లో పడ్డాక నేను మళ్లీ చదువు మొదలుపెట్టాను. రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీ, ఆ తర్వాత యూనివర్సిటీ. చివరి సెమిస్టర్‌కి నా గీత 98 దగ్గరుంది. డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి, నాకు 121 అవుతున్నాయి. మిగిలిన రెండు శాతం నడుస్తున్న క్లాసులదే అనుకున్నాను. గ్రాడ్యుయేషన్ గౌను కొన్నాను. గుంటూరులో అమ్మమ్మకి వీసా వచ్చింది, టికెట్ బుక్ చేశాం. ఏప్రిల్‌లో ఈమెయిల్ వచ్చింది: పైస్థాయి (మూడు, నాలుగో ఏడాది కోర్సుల) క్రెడిట్లు మూడు తక్కువ, మేలో డిగ్రీ ఇవ్వలేం అని.

జరిగింది ఇదీ. కమ్యూనిటీ కాలేజీలో నేను చేసిన ఒక కోర్సును యూనివర్సిటీ వాళ్లు తమ 3000 నంబరు కోర్సుకి బదులుగా తీసుకున్నారు. సబ్జెక్టు గడి నిండింది, పక్కన టిక్కు పడింది. కానీ రెండేళ్ల కాలేజీలో చేసింది కాబట్టి పైస్థాయి లెక్కలోకి రాలేదు. ఈ ముక్క నా ఆడిట్‌లో ఏడాదిన్నరగా ఉంది. నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో, "ఇంకా 3 కావాలి" అని. నేనెప్పుడూ అంత కిందికి వెళ్లలేదు. వేసవిలో ఒక కోర్సు చేశాను. అమ్మమ్మ జూన్‌లో గుంటూరు తిరిగి వెళ్లిపోయింది, డిగ్రీ ఆగస్టులో చేతికొచ్చింది. ఆ కాగితాన్ని ఆవిడ ఫోన్లో ఫొటోగానే చూసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. తర్వాత తొమ్మిదేళ్లు కమ్యూనిటీ కాలేజీ అడ్వైజింగ్ ఆఫీసులో పని చేసినప్పుడు నాలాంటి వాళ్లు ప్రతి ఏప్రిల్లోనూ వచ్చేవాళ్లు. అందరిదీ ఒకటే మాట: "గీత దాదాపు నిండిపోయింది కదండీ!"

అందుకని నువ్వు ఆడిట్‌ని కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకో. మీ దగ్గర దాని పేరు డిగ్రీ వర్క్స్ అన్నావు. కొన్ని చోట్ల యూఅచీవ్ ఉంటుంది. పాతకాలం అడ్వైజర్లు ఇంకా "డార్స్" అంటుంటారు, అది ఒహాయోలోని మయామీ యూనివర్సిటీలో పుట్టిన పాత ప్రోగ్రాం పేరు. పేరేదైనా పద్ధతి ఒక్కటే. నీ కోర్సులన్నీ ఒక కుప్ప, నీ డిగ్రీ నియమాలన్నీ ఒక వరస గళ్లు. మెషీన్ ఒక్కో కోర్సునూ తీసి ఏదో ఒక గడిలో వేస్తుంది. ఏ గడిలోనూ పట్టనివి అడుగున ఒక డబ్బాలో పడేస్తుంది. ఆ డబ్బా నువ్వు మొట్టమొదట చూడాల్సింది. నువ్వు కష్టపడి చదివి, ఫీజు కట్టి, ఎ తెచ్చుకున్న కోర్సు కూడా అందులో ఊరికే పడి ఉండొచ్చు. నీ స్క్రీన్‌షాట్‌లో అడుగు భాగం లేదు. ఫెయిలైనవీ, మధ్యలో వదిలేసినవీ, రెండోసారి చేసినవీ వేరే డబ్బాలో ఉంటాయి, వాటితో పేచీ లేదు. పాసయ్యి కూడా ఎక్కడా చేరనివి ఉన్నాయా, అదీ చూడాల్సింది. ఉంటే ఎందుకు చేరలేదో తెలిసేదాకా వదలకు. నిజంగానే పనికిరాని కోర్సు కావచ్చు, గ్రేడు చాలకపోయి ఉండొచ్చు. ఎవరో చేత్తో చేయాల్సిన మార్పు చేయకపోయి కూడా ఉండొచ్చు. ఆ చివరిది నేను చాలాసార్లు చూశాను.

ఆ పైన నడుస్తున్న కోర్సులు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త. చాలా యూనివర్సిటీల్లో ఆడిట్ వీటిని కూడా అయిపోయినట్టే లెక్కేసి గడి నింపేస్తుంది. నువ్వు ఆగస్టులో ఆర్గానిక్ కెమిస్ట్రీకి రిజిస్టరయ్యావనుకో, మొదటి క్లాసుకి వెళ్లకముందే ఆ గడికి రంగు వచ్చేస్తుంది. మేజర్ (నీ ప్రధాన సబ్జెక్టు) కోర్సులకు సి గ్రేడు తప్పనిసరి అయిన చోట డి వస్తే డిసెంబర్లో ఆ రంగు పోతుంది. గ్రేడ్లు పడ్డాక ఆడిట్ మళ్లీ నడిపించి చూస్తే తప్ప అది నీకు తెలియదు. మామూలుగా ఆ పేజీ మీద ఎక్కడో చివరిసారి ఎప్పుడు నడిచిందో తేదీ ఉంటుంది, అదీ చూడు.

ఇప్పుడు నీ కోర్ సంగతి, అంటే ఏ మేజర్ వాళ్లైనా చేయాల్సిన ఉమ్మడి కోర్సులు. టెక్సాస్‌లో ఏ ప్రభుత్వ యూనివర్సిటీలోనైనా 42 క్రెడిట్ల కోర్ తప్పదు. అందులో అమెరికన్ హిస్టరీ ఆరు, గవర్నమెంట్ ఆరు, కమ్యూనికేషన్ ఆరు, సైన్స్ ఆరు, మ్యాథ్ మూడు, ఇంకా చిల్లరవి. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ కోర్సు నంబర్లు చదవడం నేర్చుకుంటే సగం పని తగ్గుతుంది. మొదటి అంకె ఏ స్థాయో చెబుతుంది, రెండో అంకె ఎన్ని క్రెడిట్లో చెబుతుంది. హిస్టరీ 1301 అంటే మొదటి ఏడాది స్థాయి, మూడు క్రెడిట్లు. కాల్క్యులస్ 2413 అంటే రెండో స్థాయి, నాలుగు క్రెడిట్లు. నువ్వు హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) గవర్నమెంట్ పరీక్ష రాసి నాలుగు స్కోరు తెచ్చుకున్నావు కదా. దాన్ని చూసి గవర్నమెంట్ గడి మొత్తం నిండిపోయిందనుకోకు. ఇక్కడ గవర్నమెంట్ రెండు ముక్కలు: 2305 కేంద్రానిది, 2306 టెక్సాస్‌ది. ఆ పరీక్షలో టెక్సాస్ రాజ్యాంగం ఉండదు కాబట్టి మామూలుగా మొదటి ముక్కకే క్రెడిట్ ఇస్తారు. రెండోది క్లాసులో కూర్చునో, మీ యూనివర్సిటీ ఒప్పుకునే వేరే పరీక్ష రాసో తీర్చాలి. ఆఖరి సెమిస్టర్లో 2306 కోసం పరిగెత్తే సీనియర్లని లెక్కలేనంత మందిని చూశాను.

ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ ద్వారా చేసిన డ్యూయల్ క్రెడిట్ కోర్సులు, ఇంగ్లిష్ 1301, 1302, అవి ఆడిట్‌లో కనిపిస్తున్నాయా? మీ స్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల రికార్డు) మీద పేర్లు ఉన్నంత మాత్రాన చాలదు. ఆ కాలేజీ నుంచి అధికారిక ట్రాన్‌స్క్రిప్ట్ విడిగా మీ యూనివర్సిటీకి వెళ్లాలి. వెళ్లకపోతే మెషీన్‌కి ఆ కోర్సులు లేనట్టే, నీ చేత ఇంగ్లిష్ మళ్లీ చేయించడానికి చూస్తుంది. 61 శాతం చూసినప్పుడు నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే.

ఆడిట్ పైభాగంలో "కేటలాగ్ ఇయర్" అని ఒకటుంటుంది. నువ్వు ఏ ఏడాది నియమాల కింద చదువుతున్నావో అది. కాకినాడలో మీ రవి అన్నయ్య ఇంజినీరింగ్ చదివినప్పుడు "మాది ఆర్20 రెగ్యులేషన్" అనేవాడు గుర్తుందా? వాడి రూమ్మేట్ డిటెయినై ఏడాది పోగొట్టుకుంటే కింది బ్యాచ్‌తో పాటు కొత్త రెగ్యులేషన్‌లో పడి, లేని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి వచ్చింది. ఇదీ అలాంటిదే. అందుకే సీనియర్ అమ్మాయి వాట్సాప్‌లో పెట్టిన నాలుగేళ్ల ప్లాన్ చూసి కోర్సులు తీసుకోకు. ఆమె కేటలాగ్ వేరు కావచ్చు. మేజర్ మారిస్తే నీ కేటలాగ్ ఇయర్ కూడా మారుతుందా అన్నది మారకముందే అడుగు, మారాక అడిగి ప్రయోజనం లేదు.

మేజర్ మాట వచ్చింది కాబట్టి. బయాలజీ వదిలేసి కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లనా అని ఉంది నీకు, నాకు తెలుసు. పాట్‌లక్‌లో కలిసిన ప్రతి అంకులూ అదే చెబుతున్నాడు. వాళ్లు చెప్పారని వెళ్లొద్దు, వాళ్లు చెప్పారని మానొద్దు. ఆడిట్‌లో "వాట్-ఇఫ్" అని ఒక మీట ఉంటుంది. అందులో కొత్త మేజర్ పెట్టి నడిపించు. దానివల్ల నీ రికార్డులో ఏదీ మారదు, భయపడకు. వచ్చిన దాంట్లో మళ్లీ అడుగు డబ్బానే చూడు. ఇప్పటిదాకా చేసిన బయాలజీ, కెమిస్ట్రీల్లో ఎన్ని అందులోకి జారిపోయాయో లెక్కపెట్టు. ఆ తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని, ఆఖరి ఏడాది ప్రాజెక్టు కోర్సు పేరు కుడిపక్కన రాయి. దానికి ముందు ఏం కావాలి? దానికి ముందు? అల్గారిథమ్స్, దానికి ముందు డేటా స్ట్రక్చర్స్, దానికి ముందు రెండో ప్రోగ్రామింగ్ కోర్సు, దానికి ముందు మొదటిది. ఐదు కోర్సులు ఒకదాని వెనక ఒకటి, రెండు కలిపి చేయడానికి లేదు. అంటే క్రెడిట్లు ఎన్ని మిగిలినా ఐదు సెమిస్టర్లు కావాల్సిందే. ఈ గొలుసు ఆడిట్ చూపించదు. అందులో ఒకటి ఫాల్‌లో (ఆగస్టు-డిసెంబర్ సెమిస్టర్‌లో) మాత్రమే పెడతారన్న సంగతి కూడా అది చెప్పదు, డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. ఏం మిగిలిందో చెప్పడం వరకే దాని పని. ఏది ముందు, ఏది వెనక అన్నది కాగితం మీద నువ్వు వేసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైంది చెబుతాను, దీన్ని మీ నాన్నతో కూర్చుని మాట్లాడు. వచ్చే మార్చికి నీకు 21 నిండుతాయి. అప్పటికి గ్రీన్‌కార్డ్ రాకపోతే నాన్న ఉద్యోగ వీసా మీద పిల్లలకిచ్చే హెచ్-4 నీకు ఆగిపోతుంది, ఎక్కువమంది పిల్లల్లా నువ్వు కూడా ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. ఇప్పుడు నువ్వు తొమ్మిది క్రెడిట్లు తీసుకున్నా ఎవరూ అడగరు. ఎఫ్-1 మీద ప్రతి ఫాల్, ప్రతి స్ప్రింగ్ 12 క్రెడిట్లు ఉండాలి. ఆ పన్నెండులోకి ఆన్‌లైన్‌ది ఒక్క కోర్సు, మూడు క్రెడిట్లే లెక్కకొస్తాయి. ఆఖరి సెమిస్టర్లో తక్కువ తీసుకోవచ్చు గానీ ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి కావాలి. మిగిలింది ఒక్క కోర్సే అయితే అది పూర్తిగా ఆన్‌లైన్ అయి ఉండకూడదు. కాబట్టి ఆన్‌లైన్‌లో మాత్రమే దొరికే కోర్సులు ఏవైనా ఉంటే ఈ ఏడాదే కానిచ్చేయి, ల్యాబులూ క్లాసులో కూర్చునేవీ తర్వాతికి ఉంచుకో. ఆడిట్‌కి నీ వీసా సంగతి తెలియదు. ఏ సెమిస్టర్లో ఎన్ని క్రెడిట్లు అన్నది నువ్వే వేసుకోవాలి.

కోర్సు వదిలేయడం గురించి రెండు మాటలు. ఫాల్, స్ప్రింగ్‌లలో క్లాసులు జరిగే రోజుల్లో పన్నెండోది దాటాక వదిలితే అది రికార్డులో ఉండిపోతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం డిగ్రీ మొత్తానికి అలాంటివి ఆరు దాటకూడదు. డిగ్రీకి కావాల్సిన వాటికంటే 30 క్రెడిట్లు మించి ప్రయత్నిస్తే, పై వాటికి బయటి రాష్ట్రం వాళ్ల ఫీజు వేసే హక్కు యూనివర్సిటీకి ఉంది. వదిలేసినవి, ఫెయిలైనవి కూడా ఆ ప్రయత్నంలోకే వస్తాయి.

అడ్వైజర్ దగ్గరికి రిజిస్ట్రేషన్ తెరిచే వారంలో వెళ్లకు, అప్పుడు నీకు పది నిమిషాలు కూడా దొరకవు. నెల ముందే వెళ్లు. "నేనేం తీసుకోవాలి?" అని అడగకు. ఆడిట్‌లో ఫలానా లైను ఇలా ఉంది, ఫలానా కోర్సు ఇందులో ఎందుకు పడలేదు అని అడుగు. ఈ పిల్ల అన్నీ చూసుకునే వచ్చిందని వాళ్లకి తెలుస్తుంది, కూర్చోబెట్టి చూస్తారు. ఈ కోర్సు ఆ కోర్సుకి బదులుగా సరిపోతుందిలే అని నోటితో అంటే అక్కడితో లేచి రాకు. ఆ రోజు సాయంత్రమే థాంక్స్ చెబుతూ, ఇలా అన్నారు కదా అని ఈమెయిల్ పెట్టు. రెండు వారాల్లో ఆ మార్పు ఆడిట్‌లో కనపడాలి, కనపడకపోతే మర్యాదగా మళ్లీ గుర్తుచెయ్యి. ఆ అడ్వైజర్ ఉద్యోగం మారిపోతే నోటిమాట ఆమెతో పాటే వెళ్లిపోతుంది. ప్రతి సెమిస్టర్ చివర ఆడిట్‌ని పీడీఎఫ్‌గా దాచుకో, పేరులో తేదీ పెట్టు.

శనివారం మధ్యాహ్నం ఇంటికి రా. ఆడిట్ మొత్తం ప్రింట్ తీసుకురా, ఎన్ని పేజీలైనా సరే, ఫోన్లో వద్దు. వాట్-ఇఫ్‌ది కూడా ఒకటి తెచ్చుకో. నా దగ్గర ఎర్ర పెన్ను, స్కేలు ఉన్నాయి, డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి పెడతాను. ఈలోగా రేపు పొద్దున కమ్యూనిటీ కాలేజీకి ఫోన్ చేసి ఆ డ్యూయల్ క్రెడిట్ ట్రాన్‌స్క్రిప్ట్ పంపించారో లేదో కనుక్కో.

నీ పెద్దమ్మ