మీ ప్రశ్నలు - మా జవాబులు: పాల సొసైటీలో ప్రాజెక్టు

ప్రశ్న: గుజరాత్‌లోని ఆనంద్‌లో ఉన్న ఇర్మా (గ్రామీణ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ) విద్యార్థుల్లాగే మా ఎంబీఏలోనూ గ్రామీణ సంస్థలో ఎనిమిది వారాల ప్రాజెక్టు ఉంది. నాకు ఊరి పాల సొసైటీ వచ్చింది. కొన్న పాలకీ, డెయిరీ లెక్క కట్టిన పాలకీ పొంతన లేక నెలనెలా నష్టం. కారణం కనిపెట్టమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: కంప్యూటర్ పెట్టమనో, సిబ్బందికి శిక్షణ ఇవ్వమనో సలహా ముందే రాసిపెట్టుకోకండి. మొదటి వారమంతా రెండు పూటలా కాంటా పక్కనే నిలబడండి.

తూకాన్ని, పాలలోని వెన్న (ఫ్యాట్) శాతాన్ని విడివిడిగా చూడాలి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు. 500 లీటర్లు కొంటే డెయిరీ కాంటా మీద 515 కిలోలు తూగాలి. 500 కిలోలే తూగినా ‘సరిపోయింది’ అని రాసుకుంటే 15 కిలోల లోటు పుస్తకంలో కనపడనే కనపడదు. ఊళ్లో చిల్లరగా అమ్మినవి, శాంపిల్ తీయగా మిగిలినవి కూడా లెక్కలోకి రావాలి. పేచీలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

వెన్న శాతాలను కూడి రైతుల సంఖ్యతో భాగిస్తే తప్పు. 5 శాతంతో 10 కిలోలు, 8 శాతంతో 2 కిలోలు వస్తే సగటు 6.5 కాదు, 5.5. అందుకే కిలో ఫ్యాట్‌లో, అంటే మొత్తం పాలలో ఎన్ని కిలోల వెన్న ఉందో లెక్క కట్టండి: 0.50, 0.16 కలిపి 0.66 కిలోలు. విద్యార్థుల రిపోర్టులు చాలావరకు ఈ ఒక్క లెక్కతోనే తారుమారవుతాయి.

తర్వాత శాంపిల్. వెన్న పైకి తేలుతుంది కాబట్టి, క్యాన్‌ను ప్లంజర్‌తో (పాలు కలిపే కడ్డీతో) బాగా కలపకుండా పైనుంచి తీస్తే శాతం ఎక్కువ చూపిస్తుంది. నురగ, గాలి బుడగలు ఉన్నా, గేదె పాలను ఆవు సెట్టింగ్‌లో పెట్టినా ఎనలైజర్ (వెన్న శాతం చూపే యంత్రం) రీడింగ్ నమ్మలేం. బాగా కలిపిన ఒకే శాంపిల్‌ను రెండు సీసాల్లో పోసి, ఒకటి సొసైటీలో, మరొకటి డెయిరీలో పరీక్ష చేయించండి. తేడా వస్తే అనుమానం యంత్రాల మీద; గెర్బర్ పద్ధతిలో (ఆమ్లం కలిపి వెన్నను వేరుచేసి కొలిచే పరీక్షలో) మళ్లీ చూడమని డెయిరీ ల్యాబ్‌ను అడగండి. రెండూ ఒకటే వస్తే శాంపిల్ తీసే తీరునో, పాలు డెయిరీకి చేరే దారినో చూడాలి.

ప్రశ్న: సెక్రటరీ రికార్డులు ఇవ్వడం లేదు.

జవాబు: దొంగను పట్టడానికి వచ్చారనుకుంటే ఎవరిస్తారు? ‘నష్టం’ అనే మాట పక్కనపెట్టి, ఒక్క బిల్లు కాలానికి కొనుగోలు రిజిస్టరు, డెయిరీ ట్రక్ షీట్ (అందిన పాల తూకం, వెన్న డెయిరీ రాసిచ్చే కాగితం) మాత్రం అడగండి. అధ్యక్షుల సంతకంతో ఉత్తరం ఉంటే ఇంకా మేలు.

ప్రశ్న: వందమంది రైతులతో ప్రశ్నావళి నింపించాలా?

జవాబు: అక్కర్లేదు. ఆరు నెలల కిందట పాలు పోసి ఇప్పుడు మానేసిన వాళ్లను రిజిస్టర్లో గుర్తించి, పదిహేను మందిని కలిసి ఎందుకు మానేశారో అడగండి. పాలు పితికే వేళ మాత్రం వెళ్లకండి.