సంక్రాంతికొచ్చిన మనవడు, టెక్సాస్ కోర్టు ఆర్డరు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. రిటైర్డ్ టీచర్ని. మా రెండో అమ్మాయి నాలుగేళ్ల బాబుని తీసుకుని సంక్రాంతికి టెక్సాస్‌లోని డల్లాస్ నుంచి వచ్చింది. ఫిబ్రవరి 2న తిరుగు టికెట్టు. అల్లుడు రెండుమూడుసార్లు చెయ్యి చేసుకున్నాడని, ఇక వెళ్లనని కూర్చుంది. బాబు అక్కడే పుట్టాడు, అమెరికా పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నాయి. ఏప్రిల్‌లో అల్లుడు బాబుని వెంటనే పంపాలని అక్కడి కోర్టులో ఆర్డరు తెచ్చుకుని వాట్సాప్‌లో పంపాడు. అమెరికా ఆర్డరు ఇక్కడ చిత్తుకాగితమని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? పోలీసులొచ్చి బాబుని తీసుకుపోతారా? నా పేరు మీద గార్డియన్‌షిప్ వేయొచ్చా? కొన్నాళ్లు పాలకొల్లులో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉంచమంటారా? జూన్‌లో బాబుని ఇక్కడే ఎల్‌కేజీలో వేశాం. ఫారంలో తండ్రి పేరు దగ్గర ఏమీ రాయలేదు.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో చివరి ముక్క దగ్గర ఆగిపోయాను. మిగతావన్నీ తర్వాత, ముందు రేపే బడికి వెళ్లి ఆ ఫారంలో తండ్రి పేరు రాయించండి. సంగతి హైకోర్టు దాకా వెళితే అల్లుడి లాయరు మొదట తీసే కాగితం అదే. ‘తండ్రి ఉన్నాడన్న సంగతే బిడ్డకి తెలియకుండా చేస్తున్నారు’ అనడానికి ఆయనకి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. ఎన్ని వేల ఫారాలు నింపించి ఉంటారో మీరు, ఇది మీకు తెలియనిదా!

ఇక చిత్తుకాగితం సంగతి. ఆ మాట బహుశా 1991 నాటి తీర్పు నుంచి వచ్చి ఉంటుంది. తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుంటే, అవి ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది విడాకుల కేసు. బిడ్డ విషయంలో లెక్క వేరు.

చిత్తుకాగితమన్న మాటలో సగం మాత్రం నిజమే. పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకెళ్లిపోతే వెనక్కి పంపాలనే 1980 నాటి హేగ్ ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలేదు. కాబట్టి టెక్సాస్ ఆర్డరు ఒక్కటీ చేత్తో పట్టుకుని మీ ఎస్సైగారు మీ గుమ్మంలోకి రాలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో విదేశీ డిక్రీల్ని (కోర్టు తీర్పుల్ని) నేరుగా అమలు చేసే 44ఎ సెక్షన్ డబ్బు డిక్రీలకే, అదీ ప్రభుత్వం నోటిఫై చేసిన దేశాలవాటికే. అందులో అమెరికా లేదు.

కానీ అల్లుడికి ఇంకో దారి ఉంది. అమరావతిలో హైకోర్టుకి వెళ్లి హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే బిడ్డని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్ వేస్తాడు. అందులో మీ స్టేషన్ ఎస్సైని, మీ అమ్మాయిని, మిమ్మల్ని, మీ ఇంటావిడని కూడా ప్రతివాదులుగా చేర్చవచ్చు. బాబుని ఫలానా రోజు హాజరుపరచమంటారు. కానిస్టేబుల్ నోటీసు తెస్తే టెన్షన్ పడకండి, సంతకం పెట్టి తీసుకోండి. కోర్టు అప్పుడు చూసేది ఆర్డరు చెల్లుతుందా లేదా అని కాదు, ఈ బిడ్డకి ఏది మేలు అని. విదేశీ కోర్టు ఆర్డరు పరిగణించాల్సిన అంశాల్లో ఒకటి మాత్రమేనని, అన్నిటికంటే పైన బిడ్డ క్షేమమేనని 2017లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది.

చాలామంది ఈ వాక్యం విని గెలిచేశామనుకుంటారు. 2019లో సుప్రీంకోర్టుకి వెళ్లిన ఒక తెలుగు కుటుంబం కేసు చూడండి. తల్లి పిల్లల్ని హైదరాబాద్ తీసుకొచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ వేసింది. అంతకుముందే అమెరికాలో తనే కేసు వేసి ఉంది. పిల్లలు మామూలుగా నివాసం ఉండేది అమెరికాలో కాబట్టి ఇక్కడి పిటిషన్ నిలవదని, పిల్లల్ని పంపాలని తీర్పు వచ్చింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 9వ సెక్షన్‌లో ఉన్న మాట కూడా అదే, మైనరు ‘మామూలుగా నివసించే చోటు’. మీ మనవడు పండక్కి వచ్చాడు. ఆ ఫిబ్రవరి 2 టికెట్టే ఆ మాట చెబుతుంది.

మీవైపు ఏమీ లేదా అంటే, ఉంది. ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం (మైనరు పిల్లల గురించిన చట్టం) 6వ సెక్షన్ చెబుతుంది. కానీ ఆ ‘సాధారణంగా’ అన్న మాట మరువకండి. బాబుకి వచ్చే ఏడాది ఐదేళ్లు నిండుతాయనీ మరువకండి. ఇంకొన్నాళ్లు ఇక్కడే గడిస్తే బాబు ఈ ఊరికి అలవాటు పడతాడు, కోర్టు కదిలించదు అని మీకు ఎవరో చెప్పే ఉంటారు. తండ్రి ఏళ్ల తరబడి ఊరుకుంటే ఆ వాదనకి బలం ఉండేది. ఈయన ఏప్రిల్‌కే ఆర్డరు తెచ్చుకున్నాడు. పైగా తల్లిదండ్రుల్లో ఒకరు రెండోవారికి అందకుండా బిడ్డని దేశం బయట ఉంచేయడం అమెరికాలో 1993 నుంచి నేరం, మూడేళ్ల వరకూ జైలు. హింస నుంచి పారిపోయి వచ్చానని రుజువు చేస్తే అదే చట్టంలో రక్షణ ఉంది. రుజువు చేస్తేనే.

అందుకే మీ అమ్మాయిని కూర్చోబెట్టి అడగండి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసిందా? డాక్టరు దగ్గరికి వెళ్లిందా? పక్కింటావిడకి ఆ రాత్రి ఏమైనా మెసేజ్ పెట్టిందా? ఆ ఫోన్ ఫార్మాట్ చేయనీకండి. ఇక్కడ ఉంటూనే 2005 గృహహింస చట్టం కింద మీ పరిధిలోని మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయొచ్చు. తాత్కాలికంగా ఉంటున్న చోటైనా చాలు. బాబు తాత్కాలిక కస్టడీ కూడా అందులోనే అడగొచ్చు. దీనికంటే ముఖ్యం, టెక్సాస్‌లో లాయరుని పెట్టుకుని ఆ కేసులో హాజరవడం. బాబు ఇటు రావడానికి ముందు ఆరు నెలలకు పైగా అక్కడే ఉన్నాడు, తండ్రి ఇంకా అక్కడే ఉన్నాడు. కాబట్టి ఆ కోర్టు ఈ కేసు తనదేనంటుంది. మనం పలక్కపోతే ఏకపక్షంగా రాసుకుంటూ పోతుంది.

ఒక సంగతి మీ ఇంట్లో అందరికీ చెప్పండి. కోర్టు పంపమంటే పంపమనేది ఆ దేశానికి, అల్లుడి ఇంటికి కాదు. తల్లీబిడ్డల టికెట్లు, విడిగా ఇల్లు, నెలనెలా ఖర్చు, అరెస్టు కాకుండా హామీ, ఇలాంటి షరతులు పెట్టి పంపిన సందర్భాలున్నాయి. ఆమె డిపెండెంట్ వీసా (భర్త వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉంటే, ఆ వీసాకి అడ్డుపడనని కూడా రాయించుకోవాలి. మన బలం అంతా వాడాల్సింది ఈ షరతుల దగ్గర అని నా అభిప్రాయం.

మీ పేరు మీద గార్డియన్‌షిప్ కుదరదు. తల్లీతండ్రీ బతికి ఉండి, వాళ్లు పనికిరారని కోర్టు అనుకోనంతవరకూ తాతగారిని గార్డియన్‌గా వేయరు. పాలకొల్లు ఆలోచన మానుకోండి. చించినాడ వంతెన దాటిస్తే జిల్లా మారుతుంది గానీ హైకోర్టు మారదు, బిడ్డని దాచారన్న మాట మాత్రం మిగులుతుంది. దానికి బదులు రోజూ పొద్దున్న 7 గంటలకి బాబు చేత తండ్రికి వీడియో కాల్ చేయించండి. ఈ సీజన్‌లో అక్కడ రాత్రి 8:30 అవుతుంది. ఫోన్ బాబు చేతికిచ్చి మీరు వరండాలోకి వచ్చేయండి. మధ్యలో మీరెవరూ మాట కలపొద్దు.

ఇక పాస్‌పోర్టు. బీరువాలోంచి తీసి గడువు చూడండి. పదహారేళ్లలోపు పిల్లలకి అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. పుట్టిన కొత్తలో తీసుకున్నదైతే వచ్చే ఏడాది అయిపోతుంది. కొత్తది కావాలంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో తల్లీతండ్రీ ఇద్దరి సమ్మతి ఉండాలి, లేదా కోర్టు ఆర్డరు ఉండాలి. అల్లుడితో మాటలు మొదలెట్టడానికి వేరే విషయం వెతక్కండి. ఇద్దరూ కోర్టుకెక్కకుండా సంతకం పెట్టగలిగిన కాగితం ప్రస్తుతానికి అదొక్కటే కనిపిస్తోంది.