రికార్డింగ్ మధ్యలో ఆడియో డ్రైవర్ క్రాష్ అవుతోందా? ముందు ఫార్మాట్ ఆలోచన మానండి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పదకొండో తరం ఇంటెల్ ఐ5, 8 జీబీ ర్యామ్, విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్. పాటలు తయారుచేసే ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో ఏసియో4ఆల్ (సౌండ్ ఆలస్యం తగ్గించడానికి వాడే ప్రోగ్రామ్) పెట్టి, యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (మైకును ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) పాట రికార్డు చేస్తుంటే ముందు చిటపటలు వస్తాయి, తర్వాత సౌండ్ పూర్తిగా ఆగిపోతుంది, ఒక్కోసారి బ్లూ స్క్రీన్ కూడా. షాపులో ఇప్పటికే ఫార్మాట్ కొట్టారు, అయినా తగ్గలేదు. ఇప్పుడు ర్యామ్ పెంచుకోమంటున్నారు. ఏం చేయాలి?

ర్యామ్ ఇప్పుడే కొనకండి. ఇంకోసారి ఫార్మాట్ అసలే వద్దు. 'ఆడియో డ్రైవర్ క్రాష్' అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు జబ్బులు. మీకేది వచ్చిందో తెలియకుండా మందు వేస్తే తగ్గదు. మంచి విషయం ఏంటంటే మూడూ విండోస్‌లో మూడు వేర్వేరు చోట్ల ఆనవాళ్లు వదులుతాయి.

మొదటిది బ్లూ స్క్రీన్. అంటే విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లోపల నడిచే డ్రైవర్ ఏదో కూలిపోయింది. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది, క్రాష్ అయినప్పటి వివరాలు దాచే డంప్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. అందులోని ఫైలును డెస్క్‌టాప్ మీదకి కాపీ చేసుకుని, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరికే విన్‌డీబీజీతో తెరవండి. అనలైజ్ లింకు నొక్కితే కింద మాడ్యూల్ నేమ్, ఇమేజ్ నేమ్ అనే వరసలు వస్తాయి. ఆర్‌టీకేవీహెచ్‌డీ64 అని ఉంటే రియల్‌టెక్ ఆడియో. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అయితే ఎన్విడియా గ్రాఫిక్స్. నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ అని మొదలైతే ఇంటెల్ వైఫై. ఎన్‌టీఓఎస్‌కెర్నల్ పేరు కనిపిస్తే మాత్రం విండోస్ పాడైందని అనుకోకండి. అసలు దోషి దొరకనప్పుడు ఆ పేరే పైకి వస్తుంది. రెండు మూడు డంపులు తెరిచి చూడండి. ప్రతిసారీ ఒకే ఫైలు పేరు వస్తే ఆ డ్రైవర్‌దే తప్పు. ప్రతి డంపులో వేరే పేరు వస్తుంటే అప్పుడు ర్యామ్‌ని అనుమానించాలి. అదైనా తక్కువైందని కాదు, చెడిపోయిందేమోనని. మెమ్‌టెస్ట్86ని రాత్రంతా నడిపితే తేలిపోతుంది. ర్యామ్ చాలకపోతే ప్రాజెక్టు నత్తనడక నడుస్తుంది, పెద్ద శాంపిల్ లైబ్రరీలు లోడయ్యేటప్పుడు తడబడుతుంది. దాని వల్ల బ్లూ స్క్రీన్ రాదు.

రెండోది: బ్లూ స్క్రీన్ లేదు, ల్యాప్‌టాప్ నడుస్తూనే ఉంది, కానీ యూట్యూబ్‌తో సహా అన్నిట్లో సౌండ్ పోయి కొన్ని సెకన్లకు మళ్లీ వస్తుంది. ఇది విండోస్ ఆడియో ఇంజిన్ కూలడం. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్‌లో ఈవెంట్ ఐడీ 1000 వెతకండి. అక్కడ ఫాల్టింగ్ అప్లికేషన్ ఆడియోడీజీ అని ఉండి, దాని కింద ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక డీఎల్ఎల్ పేరు ఉంటుంది. ఆ డీఎల్ఎల్ ఎక్కువగా ల్యాప్‌టాప్ కంపెనీ పెట్టిన 'సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్' సాఫ్ట్‌వేర్‌దే అయి ఉంటుంది.

మూడోది: మీ ఎఫ్ఎల్ స్టూడియోలోనే సౌండ్ ఆగుతుంది, మిగతావి బాగానే ఉంటాయి. ఇంటర్‌ఫేస్ లైటు ఆరి, యూఎస్‌బీ ఊడినప్పుడు వచ్చే శబ్దం వినిపిస్తే కేబుల్, పోర్టు లేదా కరెంటు సమస్య. సాఫ్ట్‌వేరే మూసుకుపోతే పైన చెప్పిన ఈవెంట్ 1000లోనే చూడండి. ఫాల్టింగ్ మాడ్యూల్‌గా ఏదో ప్లగిన్ (ఎఫ్ఎల్ స్టూడియోలో విడిగా చేర్చుకున్న వాయిద్యం లేదా ఎఫెక్ట్) పేరు ఉంటే ఆడియో డ్రైవర్‌కి దీనితో సంబంధమే లేదు. క్రాక్ చేసిన ప్లగిన్లు వాడేవాళ్లలో ఇది మరీ ఎక్కువ. వాటిని తీసేయకుండా డ్రైవర్ల గురించి ఆలోచించడం సమయం వృథా.

ఇక మీ కేసు. పదకొండో తరం ఇంటెల్, విండోస్ 11, బ్లూ స్క్రీన్ అనగానే నేను ముందు చూసేది రియల్‌టెక్ కాదు, ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్. ఇది బాగా పేరుమోసిన గొడవ. ఆ డ్రైవర్ 10.29.0.5152, 10.30.0.5152 వెర్షన్లు పదకొండో తరం ప్రాసెసర్ల మీద విండోస్ 11తో కలిసి బ్లూ స్క్రీన్ తెప్పిస్తున్నాయని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. విండోస్ 11లోని 22హెచ్2 అనే పెద్ద అప్‌డేట్‌ని, ఆ తర్వాత 24హెచ్2ని కూడా ఆ డ్రైవర్ ఉన్న మెషీన్లకు ఇవ్వకుండా ఆపింది. సరిచేసిన వెర్షన్లు 10.29.00.5714, 10.30.00.5714, వాటి తర్వాత వచ్చినవి. ఇక్కడ చాలామంది పొరబడతారు: 10.30 అంటే 10.29 కంటే కొత్తదని అనుకుంటారు. కాదు. అవి రెండు వేర్వేరు వరసలు. చూడాల్సింది చివరి నాలుగంకెలు. 5152 ఉంటే చెడ్డది, 5714 లేదా అంతకంటే పెద్దదైతే మంచిది.

ఇది అంత సులభంగా దొరకదు. ఎందుకంటే డివైస్ మేనేజర్‌లో ఈ డ్రైవర్ సౌండ్ విభాగంలో ఉండదు. సిస్టమ్ డివైసెస్ తెరిచి కిందకి వెళితే 'ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ ఆడియో కంట్రోలర్' అని కనిపిస్తుంది. అందరూ సౌండ్ విభాగంలోకి వెళ్లి రియల్‌టెక్‌ని తీసి మళ్లీ వేస్తుంటారు, దీని జోలికి వెళ్లరు. ఫార్మాట్ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉండొచ్చు. షాపువాళ్లు విండోస్ కొత్తగా వేసి, పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పాత డ్రైవర్ ప్యాకే వేస్తే, అందులోని 5152 తిరిగి వచ్చి కూర్చుంటుంది. డంప్ ఫైలు తెరిచి చూడటానికి పట్టేది పది నిమిషాలు. అది చూడకుండా ఫార్మాట్ కొట్టి, మనిషి నెలల తరబడి కూర్చుని చేసుకున్న ప్రాజెక్టులు, ప్రీసెట్లు, ప్లగిన్ లైసెన్సులు పోగొట్టడం చాలా అన్యాయం.

డ్రైవర్ శుభ్రంగా మార్చే పద్ధతి చెప్తాను. వరస తప్పకండి. ముందు మీ ల్యాప్‌టాప్ సీరియల్ నంబరుతో ఆ కంపెనీ సపోర్ట్ పేజీలో చిప్‌సెట్, ఇంటెల్ స్మార్ట్ సౌండ్, రియల్‌టెక్ ఆడియో డ్రైవర్లు మూడూ దించుకోండి. 'డ్రైవర్ అప్‌డేటర్' యాప్‌ల నుంచి వద్దు, అవి మీ మోడల్‌కి సంబంధం లేని వెర్షన్ అంటగడతాయి. ఇంటర్‌ఫేస్ ఊడదీయండి. వైఫై ఆపేయండి, లేకపోతే మీరు తీసిన డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ వెనకనుంచి మళ్లీ వేసేస్తుంది. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, డ్రైవర్‌ని కూడా తొలగించమనే పెట్టెలో టిక్ పెట్టండి. ఆ టిక్ లేకపోతే రీస్టార్ట్ కాగానే అదే పాతది తిరిగొస్తుంది. స్మార్ట్ సౌండ్ కంట్రోలర్‌కీ అంతే చేయండి. సాఫ్ట్‌వేర్ కాంపోనెంట్స్, ఆడియో ప్రాసెసింగ్ ఆబ్జెక్ట్స్ అనే విభాగాల్లో ఆడియో ఎఫెక్ట్స్ పేరుతో ఉన్నవీ తీసేయండి. ఇప్పుడు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అప్పుడు కెర్నల్‌ని డిస్క్‌లో దాచి, ఆన్ చేయగానే అదే స్థితిని వెనక్కి తెస్తుంది. డ్రైవర్లు కొత్తగా లోడయ్యేది రీస్టార్ట్‌లోనే. తర్వాత చిప్‌సెట్, స్మార్ట్ సౌండ్, రియల్‌టెక్ ఇదే వరసలో వేసి మరోసారి రీస్టార్ట్ చేసి, అప్పుడు నెట్ ఆన్ చేయండి. సపోర్ట్ పేజీలో కూడా 5152 ఉంటే విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి.

ఎన్‌హాన్స్‌మెంట్ సాఫ్ట్‌వేర్ గురించి నా మాట గట్టిగానే ఉంటుంది: సంగీతం చేసే ల్యాప్‌టాప్‌లో అది ఉండకూడదు. సినిమా చూసేవాడికి బేస్ పెంచి చూపించడానికి పెట్టింది అది. మిక్స్ చేసేవాడికి స్పీకర్ నుంచి వచ్చేది అబద్ధమైతే ఇంకేం మిక్స్ చేస్తాడు? సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. దానికి సొంత యాప్ ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

చిటపటల సంగతి వేరు. అవి బ్లూ స్క్రీన్‌కి ముందు వస్తున్నాయి కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తుంది, కాకపోవచ్చు. లెక్క చూడండి. 44.1 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు అంటే సెకనుకు 44,100 శాంపిళ్లు, బఫర్ అంటే ఒక్కో విడతలో సిద్ధం చేసే శాంపిళ్ల సంఖ్య. ఆ లెక్కన 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు. ప్రతి 2.9 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రాసెసర్ మీ పాట ముక్క సిద్ధం చేసి ఇవ్వాలి. ఆ సమయంలో వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో 4 మిల్లీసెకన్లు ప్రాసెసర్‌ని వదలకుండా పట్టుకుంటే ఆ ముక్క రాదు, చిట్‌మని వినిపిస్తుంది. ఇరుకు వంతెన మీద ముందున్న లారీ ఆగితే వెనకున్న అంబులెన్స్ కూడా ఆగాల్సిందే, ఎంత ఖరీదైన అంబులెన్స్ అయినా. అందుకే ఐ5 బదులు ఐ7 కొన్నా చిటపటలు పోని ల్యాప్‌టాప్‌లు ఉంటాయి.

ఆ లారీ ఎవరిదో చెప్పేది లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్. ఛార్జర్ పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి, మిగతావన్నీ మూసి పది నిమిషాలు నడపండి. డ్రైవర్స్ ట్యాబ్‌లో అత్యధిక ఎగ్జిక్యూషన్ సమయం ప్రకారం వరస పెట్టండి. 1000 మైక్రోసెకన్లంటే 1 మిల్లీసెకను, దాన్ని పదే పదే దాటేవాడే మీ దోషి. ఎన్‌డీఐఎస్, టీసీపీఐపీ పైన ఉంటే నెట్‌వర్క్. వైఫై ఆపి మళ్లీ నడిపి, తేడా కళ్లతో చూడండి. గ్రాఫిక్స్ పైన ఉంటే ఆ డ్రైవర్‌ని క్లీన్ ఇన్‌స్టాల్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్‌ని మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టండి. పవర్ వ్యవహారాలు చూసే ఏసీపీఐ పైన ఉండి, క్రమం తప్పకుండా ప్రతి కొన్ని సెకన్లకు ఒకసారి చిట్‌మంటుంటే అది బ్యాటరీ స్థితిని విండోస్ అడిగే పని. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద 'ఏసీపీఐ కంప్లయంట్ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ'ని డిసేబుల్ చేసి చూడండి. ఇలా చేస్తే ఛార్జ్ శాతం కనిపించదు కాబట్టి రికార్డింగ్ అయ్యాక మళ్లీ ఎనేబుల్ చేసుకోవాలి.

మన దగ్గర దీనికి తోడు కరెంటు. కరెంటు పోగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకి మారి, ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. టేక్ మధ్యలో ఇది జరిగితే 128 బఫర్ తట్టుకోదు. ల్యాప్‌టాప్‌ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టండి. ప్రాసెసర్ మినిమమ్ స్టేట్ 100 శాతం పెట్టమని చాలా వీడియోలు చెబుతుంటాయి. మే నెలలో ఏసీ లేని గదిలో ఆ పని చేయకండి. వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఉన్నది కాస్తా పోతుంది.

ఇప్పుడు ఏసియో4ఆల్. ఏసియో అంటే సౌండ్‌ని తక్కువ ఆలస్యంతో నేరుగా పరికరానికి చేర్చే పద్ధతి. ఏసియో4ఆల్ మాత్రం నిజమైన ఏసియో డ్రైవర్ కాదు. విండోస్ సొంత ఆడియో డ్రైవర్ మీద వేసిన పొర మాత్రమే. ఇంటర్‌ఫేస్ లేనివాళ్లకు అది వరం, ఆ మాట నిజం. మీకు ఇంటర్‌ఫేస్ ఉంది కదా, మరి దాని కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్ ఎందుకు వేసుకోలేదు? ఏసియో4ఆల్‌లో ఇంటర్‌ఫేస్ మైకు, రియల్‌టెక్ స్పీకరు రెండూ కలిపి వెలిగించారనే నా అనుమానం. రెండు పరికరాలకు రెండు గడియారాలు ఉంటాయి, అవి ఎప్పుడూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. కొద్ది నిమిషాల్లో తేడా పేరుకుని చిటపటలు, ఆపై సౌండ్ ఆగిపోవడం. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే. సొంత డ్రైవర్ వేసి, హెడ్‌ఫోన్స్ కూడా ఇంటర్‌ఫేస్‌కే పెట్టండి. విండోస్ సౌండ్ సెట్టింగ్‌లోనూ ఎఫ్ఎల్ స్టూడియోలోనూ శాంపిల్ రేటు ఒకటే ఉంచండి. వెనక బ్రౌజర్ 48 కిలోహెర్ట్జ్ అడిగి, ప్రాజెక్టు 44.1 అడిగితే కొన్ని డ్రైవర్లు అక్కడే మొరాయిస్తాయి. రికార్డింగ్‌కి 128 లేదా 256, మిక్సింగ్‌కి 512 లేదా 1024 బఫర్ చాలు. మిక్సింగ్‌లో 64 పెట్టుకుని కష్టపడేవాళ్లకి దాని వల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

ఇంటర్‌ఫేస్‌ని హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 ఇచ్చేది 900. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఆ మైకు నడవడానికి ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) వేయగానే ఇంటర్‌ఫేస్ ఆరిపోతుంటే పోర్టు నుంచి కరెంటు చాలట్లేదన్నమాట. హబ్ మీద మౌసు, హార్డ్ డిస్కు, డాంగిల్ కూడా ఉంటే మరీనూ. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిసేబుల్ చేయండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్‌కి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్ తీసేయండి. ఇంటర్‌ఫేస్ పాతదై, డ్రైవర్ అసలు లోడే కాకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ చూడండి. అది ఒప్పుకోని పాత డ్రైవర్ల జాబితా అక్కడే ఇస్తుంది. దాన్ని ఆపేసి నెట్టుకురావడం కంటే కంపెనీ కొత్త డ్రైవర్ ఇచ్చిందేమో వెతకడం మేలు.

అంతా కుదిరాక, మళ్లీ ఈ స్థితికి వెనక్కి రావడానికి విండోస్‌లో రీస్టోర్ పాయింట్ పెట్టుకోండి. 2025 జనవరి విండోస్ అప్‌డేట్ వచ్చినప్పుడు యూఎస్‌బీ ఆడియో 1.0 డ్రైవర్ మీద నడిచే డ్యాక్‌లు (డిజిటల్ సౌండ్‌ని వినిపించేలా మార్చే పరికరాలు) డివైస్ మేనేజర్‌లో కోడ్ 10 అనే ఎర్రర్ చూపించి ఆగిపోయాయి. అంతవరకు ఏ ఇబ్బందీ లేని మెషీన్లే అవి. కాబట్టి ముఖ్యమైన రికార్డింగ్ ముందుంటే విండోస్ అప్‌డేట్‌ని పాజ్ చేయండి, ఐదు వారాల వరకు ఆపుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా బ్లూ స్క్రీన్ వస్తే కామెంట్‌లో నాలుగు విషయాలు రాయండి: ల్యాప్‌టాప్ మోడల్, విండోస్ వెర్షన్, స్మార్ట్ సౌండ్ డ్రైవర్ చివరి నాలుగంకెలు, చివరి మూడు డంపుల్లో వచ్చిన ఇమేజ్ నేమ్.