కీళ్ల నొప్పులతో వచ్చే షుగరు రోగి

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

గుంటూరు కొత్తపేటలో సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. పత్తి ఏరీ మిర్చి కోసీ మోకాళ్లు అరిగిపోయిన వాళ్లు పల్లెల నుంచి నీ దగ్గరకు రోజూ వస్తారు గనుక, షుగరుతో పాటు ఎముకల, కీళ్ల బాధలున్న రోగిని ఎలా చూడాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను.

రిపోర్టుల కవరు విప్పకముందే నొప్పులకు ఏం వాడుతున్నారో అడుగు. "ఏమీ లేదమ్మా" అనే అంటారు. సంచిలో ఉన్నవన్నీ బల్ల మీద పెట్టమంటే, కాగితం పొట్లంలో చుట్టిన చిన్న తెల్ల బిళ్లలు బయటపడతాయి. అవి డెక్సామెథసోనో, బీటామెథసోనో, అంటే స్టెరాయిడ్ బిళ్లలు, అయ్యే అవకాశం ఎక్కువ. స్టెరాయిడ్ వాడేవారిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. పైగా క్లోమంలోని బీటా కణాలు దాన్ని స్రవించడమూ తగ్గుతుంది. పొద్దున్నే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వేసుకునే వారికి పరగడుపు షుగరు మామూలుగానే ఉండి, మధ్యాహ్నం భోజనం తర్వాత బాగా పెరుగుతుంది కాబట్టి ఆ వేళకు పరీక్ష చేయించు. ఎముకల నష్టం స్టెరాయిడ్ మొదలుపెట్టిన మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా జరుగుతుంది. గజ్జల్లో నొప్పి అని చెబితే, ఎక్స్‌రే బాగానే ఉన్నా ఎమ్మారై తీయించి తొడ ఎముక తల రక్తం అందక దెబ్బతిందేమో చూడాలి. అలాగని ఆ బిళ్లలు ఒక్కసారిగా మాన్పించవద్దు. అడ్రినల్ గ్రంథి అణగిపోయి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. క్రమంగా తగ్గిస్తూ, ఆ గ్రంథి స్రవించే కార్టిసాల్ రక్తంలో ఉదయం పూట ఎంతుందో చూసుకోవాలి.

రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చూసేటప్పుడు పక్కనే హిమోగ్లోబిన్ కూడా చూడు. ఇనుము లోపం ఉంటే ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. సన్నగా, వయసులో ఉన్నవాళ్లు వీపులోకి పాకే కడుపునొప్పి ఉందంటే, పొట్ట ఎక్స్‌రేలో క్లోమంలో రాళ్లున్నాయేమో వెతుకు, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే సీ-పెప్టైడ్ కూడా చేయించు. క్లోమంలో రాళ్లతో వచ్చే ఆ షుగరు జబ్బు మన దక్షిణాదిలో ఉన్నదే. టైప్ 2 వారిలో ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టీ-స్కోరు బాగుందని నిశ్చింతగా ఉండకు. చక్కెర అంటుకుని కొలాజెన్ పెళుసెక్కడం వల్ల, సాంద్రత తగ్గకుండానే ఎముకలు విరుగుతాయి.

చేతులు జోడించమని అడుగు. వేళ్ల మధ్య సందు మిగిలితే కీళ్లు బిగుసుకున్నట్టే. బిగిసిన భుజంలో స్టెరాయిడ్ సూది వేసినా కొన్ని రోజులు షుగరు పెరుగుతుందని ముందే చెప్పు.

అన్నిటికంటే ముఖ్యం, చెప్పులు విప్పించి రెండు పాదాలనూ చేతి వెనకవైపుతో తాకి చూడడం. స్పర్శ తగ్గిన పాదం ఒకటి వాచి, ఎర్రబడి, రెండో దానికంటే వెచ్చగా ఉండి, అంత వాపుకు తగ్గ నొప్పి లేకపోతే అది షార్కో పాదమేమోనని, అంటే నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్లు చెడిపోతున్నాయేమోనని అనుమానించు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. చాలామంది ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి నడిపించే పంపిస్తారు, ఆ నడకతోనే పాదం వంపు కూలిపోతుంది. అనుమానం వచ్చిన రోజునే ఆ కాలు నేల మీద మోపనివ్వకుండా కట్టు వేయించి, వెచ్చదనం రెండో పాదంతో సమానమయ్యే దాకా, నెలలు పట్టినా సరే, కట్టు మాన్పించకు.

ఇట్లు,
పెదనాన్న